కాలు తడవని సారుగారి పసుపు కలువ

బందరులో ఒక ఎయిడెడ్ కాలేజీ. అందులో బోటనీ ల్యాబుకి అటెండరు గంగన్న. అటెండరని మనం మర్యాదకి అనుకోవడమే గానీ, కాలేజీ కాగితాల ప్రకారం అతను ‘తాత్కాలికం’. ఎనభై నాలుగులో తాత్కాలికంగా చేరాడు, తొంభై ఎనిమిదిలోనూ తాత్కాలికంగానే ఉన్నాడు. ఈలోపు కాలేజీకి ప్రిన్సిపాళ్లు నలుగురు మారారు, ప్రహరీగోడ రెండుసార్లు కూలి రెండుసార్లు లేచింది. పక్క గదిలో జువాలజీ వాళ్ల అస్థిపంజరానికి కూడా స్టాకు రిజిస్టరులో పర్మినెంటు నంబరు పడింది. గంగన్నకి మాత్రం పడలేదు.

అతను పుట్టింది నాగాయలంక అవతల వేటపల్లెలో. తాత, తండ్రి, అన్నదమ్ములు అందరూ సముద్రం మీద వలేసి బతికినవాళ్లే. గంగన్నకి మాత్రం పడవెక్కితే వాంతులు. వేటపల్లెలో పుట్టి పడవలో వాంతి చేసుకునేవాడికి ఎంత పరువుంటుందో వేరే చెప్పాలా? ఊళ్లో ఆడవాళ్లు కూడా ముఖమ్మీదే నవ్వేవాళ్లు. ఆ నవ్వులు భరించలేక ఉప్పునీళ్లకి దండం పెట్టి, బందరు వచ్చి, మంచినీళ్ల కాలవల్లో దిగాడు. ఇక ఆ కాలవల్లోంచి పైకి రాలేదు.

డిపార్ట్‌మెంటుకి పెద్ద బసవపున్నయ్యగారు. నందివాడ దగ్గర పదెకరాల మాగాణి ఉన్న రైతుబిడ్డ. నీటిమొక్కల మీద అథారిటీ అని ఆయనకి పేరు. ఆ పేరు పెట్టింది కూడా ఆయనే. కానీ మహానుభావుడు జన్మలో నీళ్లలో కాలు పెట్టి ఎరగడు. జలగలంటే చచ్చేంత భయం. సొంత పొలానికి వెళ్లినా రోడ్డు మీదే నిలబడి, కౌలుదారుని అక్కడికే పిలిపించుకుని మాట్లాడి వచ్చేసేవారు.

ఏటా ప్రాక్టికల్ పరీక్షలు దగ్గరపడుతుంటే ఇద్దరూ బస్సెక్కేవారు. ఓసారి గూడూరు వైపు, ఓసారి గుడివాడ వైపు, ఓసారి దివిసీమలోకి. వంతెన మీద సారు గొడుగేసుకుని, పాలిష్ చేసిన బూట్లతో నిలబడేవారు. కింద గంగన్న నడుములోతు నీళ్లలో. అతను ఒక మొక్క పీకి పైకెత్తి చూపిస్తే, సారు కళ్లజోడు సవరించుకుని, పుస్తకంలో బొమ్మ చూసి, నోరు తిరగని లాటిన్ పేరు ఒకటి వదిలేవారు. గంగన్న దాన్ని బుట్టలో వేసుకునేవాడు. పదకొండయ్యేసరికి సారుకి ఎండ తగిలేది. సాయంత్రం స్టాఫ్ రూములో మాత్రం, “ఫీల్డు వర్కండీ, నడుం పడిపోయిందనుకోండి” అని ఆయనే నడుం పట్టుకుని మూలిగేవారు.

నిజానికి ఆ లాటిన్ పేర్లలో సగం తప్పులే. గంగన్నకి లాటిన్ రాదు, కానీ తప్పు మాత్రం తెలిసేది. ఎందుకంటే కిందటేడు అదే మొక్కకి సారు వేరే పేరు చెప్పి ఉండేవారు. గంగన్నకి పుస్తకం అక్కర్లేదు. కళ్లు మూసుకుని చేతికిచ్చినా చెప్పేస్తాడు. ఆకుకి కాడ నట్టనడుమ అతుక్కుని, విరిస్తే సన్నటి నారలు సాగితే తామర. ఆకు అంచు నుంచి కాడ దాకా చీలిక ఉంటే కలువ. కాడ ఉబ్బి బుడ్డిలా ఉంటే గుర్రపుడెక్క. ఆకు మీద వేలితో రాస్తే మెత్తగా ముఖమల్ గుడ్డలా తగిలితే అంతరతామర. ఇంతే సంగతి. దీనికి ఎమ్మెస్సీ దేనికో అతనికి ఎప్పుడూ అర్థం కాలేదు.

పిల్లలకి ఈ సంగతి బాగా తెలుసు. పరీక్షలో బల్ల మీద వరసగా పది ట్రేలు పెడతారు, ట్రేకి ఒక మొక్క. పిల్లలు ఒక్కొక్క ట్రే దగ్గర ఆగి, అదేమిటో గుర్తుపట్టి రాసుకుంటూ వెళ్లాలి. ఆ వేళకి గంగన్నకి ఏటా జలుబు చేసేది. తామర దగ్గర ఒక దగ్గు, కలువ దగ్గర రెండు. నాచు దగ్గరికి వచ్చేసరికి పాపం గొంతు పూర్తిగా పూడుకుపోయేది. ఆ దగ్గుల పుణ్యమా అని డిపార్ట్‌మెంటులో పద్నాలుగేళ్లుగా నూటికి నూరు మంది పాసు. దానికి బెస్టు లెక్చరరుగా శాలువా కప్పించుకున్నది బసవపున్నయ్యగారు.

ఇలా సాగిపోతుండగా తొంభై ఏడులో యాజమాన్యం ఒక జాబితా తయారుచేయడం మొదలుపెట్టింది. పదేళ్లు దాటిన తాత్కాలికుల్ని పర్మినెంటు చేస్తారట. కావలసింది డిపార్ట్‌మెంటు పెద్ద సంతకం ఒక్కటే. కానీ నలభై అయిదు నిండిన వాళ్లని తీసుకోరు. గంగన్నకి అప్పటికే నలభై మూడు. ఆ కాగితం టైపు కొట్టించి, ఎక్కడ సంతకం పెట్టాలో పెన్సిలుతో గుర్తు కూడా పెట్టి సారుకి ఇచ్చాడు.

“చూద్దాంలేరా, ఎక్కడికి పోతుంది” అని సారు దాన్ని డ్రాయరులో పడేశారు.

అది ఎక్కడికీ పోలేదు, నిజమే. ఏడాది పాటు డ్రాయరులోనే ఉంది. రోజూ పొద్దున సారు బల్ల తుడిచేటప్పుడు గంగన్న డ్రాయరు కొంచెం లాగి చూసేవాడు. పెన్సిలు గుర్తు అలాగే ఉండేది, దాని మీద సంతకమే ఉండేది కాదు. డ్రాయరు మళ్లీ మూసేసి, మిగతా బల్ల తుడిచేవాడు.

సరిగ్గా ఆ రోజుల్లోనే సారుకి పసుపు కలువ పిచ్చి పట్టుకుంది. దానికి కారణం గుడివాడలో ఉన్న ఆయన క్లాస్‌మేటు. ఆయనేదో కొత్త నాచు కనిపెట్టాడని పేపరు వాళ్లు జిల్లా పేజీలో ఫోటో వేశారు. ఫోటోలో నాచు కనబడలేదు, క్లాస్‌మేటు మాత్రం నిండుగా కనబడ్డాడు. అది చూసిన రోజు బసవపున్నయ్యగారు మధ్యాహ్నం క్యారియరు విప్పలేదు. మర్నాడు లైబ్రరీ నుంచి ఒక పాత విదేశీ పుస్తకం తెప్పించుకుని, అందులో రంగుల బొమ్మ ఒకటి గంగన్న ముందు పెట్టారు.

“చూశావా? పసుపు కలువ. అరచెయ్యంత పువ్వు. మన డెల్టాలో ఉందని ఇప్పటిదాకా ఒక్కడు రాయలేదు. రాసేది నేను. నువ్వు దీన్ని తెచ్చి నా బల్ల మీద పెట్టిన రోజున నీ కాగితం మీద సంతకం పెడతాను. సరేనా?”

“అది మన నీళ్లలో ఉంటదంటారా సార్?”

“ఉంటుందా ఉండదా అన్నది నాకొదిలెయ్. నువ్వు పట్రా.”

గంగన్న ఆదివారాలు మానుకున్నాడు. మోపిదేవి, అవనిగడ్డ, నాగాయలంక... కాలవ కనబడితే బస్సు దిగిపోవడమే. తెల్ల కలువలు కనబడ్డాయి, ఎర్రవి కనబడ్డాయి, నీలివి కనబడ్డాయి. పసుపుది ఒక్కటి లేదు. ఉత్తచేతులతో రావడం ఇష్టం లేక, నీళ్ల మీద పచ్చగా పూసిన ప్రతిదీ తెచ్చాడు. ముట్టుకుంటే ముడుచుకుపోయే నీటితీగ ఒకటి తెచ్చాడు. పురుగుల్ని పట్టి తినే సన్నటి మొక్క ఒకటి తెచ్చాడు. సారు కళ్లజోడులోంచి ఒక్క చూపు చూసి, “ఇది కాదు” అనేవారు. ఒకసారి ఇంకో చిన్న మొక్క తెచ్చాడు. రూపాయి బిళ్లంత ఆకులు నీళ్ల మీద తేలుతుంటాయి. వాటి మధ్య బంగారం రంగు పువ్వు, అయిదు రేకులు, రేకుల అంచులకి చీర కుచ్చులాంటి నూగు. గంగన్నకి అదంటే ఎప్పటినుంచో ముచ్చట. దానికి రూపాయాకు అని తనే పేరు పెట్టుకున్నాడు.

“ఇదేంట్రా, పావలా కాసంత లేదు!” అని సారు మండిపడ్డారు. “నేను కలువ తెమ్మంటే కలుపు తెస్తావా? అవతల పారెయ్.”

ఎక్కడ దొరికిందిరా అని ఆయన అడగలేదు. అడిగి ఉంటే గంగన్న చెప్పేవాడు. అది నందివాడ దగ్గర సాక్షాత్తూ బసవపున్నయ్యగారి పొలం పక్కన, నీళ్లు పెట్టే బోదెలోదే. ఇంకెక్కడా కనబడలేదు. అడగనప్పుడు చెప్పడం దేనికని ఊరుకున్నాడు. పారేయడం మాత్రం పారేయలేదు. ఆ మొక్క తీగలు తడిని బాగా పట్టి ఉంచుతాయి. అందుకని అప్పటికి చాలా ఏళ్లుగా బుట్టలో మొక్కలు వాడిపోకుండా వాటి మీద కప్పడానికి దాన్నే దోసిళ్లకొద్దీ పీకి వాడుకుంటున్నాడు.

గంగన్న భార్య పెద్దింట్లమ్మ. బందరు కోనేరు సెంటరు దగ్గర చేపలమ్ముతుంది. చేప మొప్ప ఎత్తి చూసి అది ఏ పూట పట్టిందో చెప్పగలదు, మనిషి మొహం చూసి వాడు కొంటాడో బేరమాడి పోతాడో చెప్పగలదు. మొగుడు ఏడాదిగా పసుపు కలువ పసుపు కలువ అని కలవరిస్తుంటే వినీ వినీ ఆవిడకి విసుగొచ్చింది.

“ఏమయ్యా, మీ సారుకి కావల్సింది పసుపు కలువేగా? కలువ కాలవలో ఉంది. పసుపు డబ్బాలో ఉంది. ఇంకా ఎందుకయ్యా ఊళ్లు పట్టుకు తిరుగుతావు?”

“ఛా! అట్టా చేస్తే తప్పు కదటే?”

“పద్నాలుగేళ్లు నీ చేత నీళ్లలో నానేయించి ఒక్క సంతకం పెట్టకపోవటం ఒప్పా? చేప పాతదయితే మేం మొప్పలకి ఎరుపు పూయమా?” అంది పెద్దింట్లమ్మ. తర్వాత, “నేను పూయన్లే, పక్కావిడ పూస్తది” అని సర్దుకుంది.

గంగన్న రెండు రోజులు ఆలోచించాడు. మూడో రోజు ల్యాబులోంచి చిన్న సీసాడు స్పిరిట్ తెచ్చాడు. నీళ్లలో కలిపితే పసుపు అంటుకోదు, స్పిరిట్‌లో కలిపితే దిగుతుందని పద్నాలుగేళ్ల ల్యాబు అనుభవం. బాగా విచ్చిన తెల్ల కలువని తలకిందులుగా పట్టుకుని ముంచాడు. పెద్దింట్లమ్మ పక్కన కూచుని రేకు రేకూ విడదీసి, ఎక్కడా తెలుపు మిగలకుండా దూదితో అద్దింది. ఆరిన తర్వాత చూస్తే ఇద్దరికీ మతి పోయింది. నిజంగానే బాగుంది.

ల్యాబులో దాన్ని చూడగానే బసవపున్నయ్యగారు కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. గంగన్న పద్నాలుగేళ్లలో ఆయన తన కోసం లేవగా చూడలేదు. సరే, ఇప్పుడూ లేచింది తన కోసం కాదనుకోండి. సారు పువ్వుని రెండు చేతులా అందుకుని వాసన చూశారు. స్పిరిట్ గుప్పుమంది.

“ఆహా, ఏదో ప్రత్యేకమైన సుగంధం! రాసుకోవాలి ఇది.” వేళ్లు చూసుకుంటే పచ్చగా ఉన్నాయి. “అబ్బో, ఎంత పుప్పొడిరా బాబూ! ఇదీ రాసుకోవాలి. ఎక్కడ దొరికింది?”

“నాగాయలంక అవతలండి. గుండెలోతు బురద. జలగలండి సార్, ఒక్కొక్కటి వేలెడు.”

సారు తన బూట్ల వైపు ఒకసారి చూసుకున్నారు. “సరేలే, నేను చూడక్కర్లేదు. నీ మాట చాలు.”

గంగన్న వంగి, “మరి సంతకమండీ...” అన్నాడు.

“తొందరేముందిరా? ప్రాక్టికల్స్‌కి యూనివర్సిటీ నుంచి ఎగ్జామినరు వస్తున్నారు, విజయకుమారిగారని. ఆవిడ చూసి ఔనన్నాక అన్నీ కలిపి పెట్టేద్దాం.”

గంగన్నకి ఇది కొత్త గండం. ఈ సారుకైతే బోటనీ పుస్తకంలో ఉంటుంది. ఆవిడకి ఎక్కడుంటుందో ఎవరికి తెలుసు?

సారు పువ్వుని కాగితాల మధ్య అణిచి, ఎండబెట్టి, అట్ట మీద అతికించి, సొంత చేతిరాతతో కింద పేరు కూడా రాసుకున్నారు. లాటిన్‌లో ఆ పేరుకి అర్థం ‘బసవపున్నయ్యగారి కలువ’ అట. నెల తిరిగేసరికి పరీక్షలొచ్చాయి. విజయకుమారిగారు ముందురోజు మధ్యాహ్నమే బందరు దిగారు. యాభై దాటిన మనిషి, కాళ్లకి రబ్బరు చెప్పులు, భుజాన గుడ్డ సంచి. సారు ఆవిడని భోజనానికి ఇంటికి పిలిచారు. వడ్డనకి సాయం కోసం గంగన్ననీ రమ్మన్నారు. పర్మినెంటు కాని వాళ్లకి అది కూడా డ్యూటీయే.

భోజనం అయ్యాక సారుగారి భార్య తమలపాకుల పళ్లెం పెట్టారు. విజయకుమారిగారు తీరిగ్గా కూచుని, ఆకు ఈనె తీసి, చూపుడువేలితో సున్నం రాసుకుంటున్నారు. సారు ఇక ఆగలేకపోయారు. లోపల్నించి అట్ట తెచ్చి, పైనున్న సిల్కు గుడ్డ తీసి, ఆవిడ ముందు పెట్టారు. గంగన్న గుమ్మం దగ్గర ఖాళీ గ్లాసులు పట్టుకుని నిలబడ్డాడు.

ఆవిడ వంగి చూశారు. రేకు మందం చూద్దామనో ఏమో, వేలు పెట్టి మెల్లగా తాకారు. వేలు తీసిన చోట రేకు మీద ఎర్రటి మచ్చ.

గదిలో అందరూ ఆ మచ్చ వైపే చూశారు. ముందుగా తేరుకున్నది బసవపున్నయ్యగారు.

“చూశారా మేడమ్! తాకితే ఎర్రబడుతోంది! ముట్టుకుంటే ముడుచుకునేవి చూశాం గానీ, ముట్టుకుంటే రంగు మారేది ప్రపంచంలో ఇదే మొదటిది!” అంటూ జేబులోంచి పెన్ను తీశారు, రాసుకోవడానికి.

సారుగారి భార్య నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నారు. ఆవిడ ఎమ్మెస్సీ చదవలేదు. కానీ పెళ్లిళ్లలో పసుపూ సున్నం కలిపి పారాణి కలపని ఆడది ఈ డెల్టాలో ఉందా? విజయకుమారిగారు సున్నం వేలితో ఇంకో రేకు తాకారు. అదీ ఎర్రబడింది. మూడోది తాకారు. తర్వాత పెద్దగా నవ్వేశారు.

“బసవపున్నయ్యగారూ, ఇది కలువ కాదని నేననను. కలువే. తెల్లది. పసుపు మాత్రం మీ వంటింట్లో ఉండే పసుపేనండీ. మీరు దీన్ని పూసిన చోట చూశారా?”

సారు మొహం కూడా ఆ రేకు రంగులోకి తిరిగింది. పువ్వు పూసిన చోటు ఆయన చూడలేదు కాబట్టి, పూసినవాడి వైపు చూశారు.

“దొంగ వెధవా! ఎంత పని చేశావురా! నా పరువంతా గంగలో కలిపావు కదరా! రేపు ప్రాక్టికల్స్ అయ్యాక మళ్లీ కాలేజీ గడప తొక్కావంటే కాళ్లు విరగ్గొడతాను. నీ కాగితం ముక్కలుముక్కలుగా చింపేస్తాను!”

చేసింది గంగన్నే. గ్లాసులు కడిగి, బోర్లించి, ఇంటికి వెళ్లాడు. సంగతి విని పెద్దింట్లమ్మ ముందు తలకొట్టుకుంది. తర్వాత, “సున్నం సంగతి నాకు తట్టద్దూ!” అని తన మీద తనే కోప్పడింది. గంగన్నకి మాత్రం ఒకటే బాధ. పద్నాలుగేళ్లు నిజమైన మొక్కలు తెచ్చాడు, ఎవరూ గుర్తుపెట్టుకోరు. ఒక్క దొంగ పువ్వు తెచ్చాడు, చచ్చేదాకా అదే పేరు.

మర్నాడు పొద్దున ప్రాక్టికల్స్. ఆదివారం నాడు తెచ్చిన మొక్కలు తొట్టిలో ఉన్నాయి. గంగన్న ఆఖరిసారి అనుకుంటూ ఒక్కొక్కటీ తీసి కడిగి, ట్రేల్లో సర్దాడు. గంట కొట్టారు, పిల్లలు వరసలో వచ్చారు. మొదటి ట్రే దగ్గర ఆగి గంగన్న వైపు చూశారు. గంగన్న దగ్గలేదు. రెండో ట్రే దగ్గర కూడా దగ్గలేదు. పిల్లల మొహాలు పాలిపోయాయి. ఒకడు భరించలేక తనే దగ్గి చూశాడు, జవాబు రాలేదు. ఆ ఏడు గుర్రపుడెక్కని తామర అని రాసినవాళ్లు పదకొండు మంది.

విజయకుమారిగారు ట్రేలన్నీ చూసుకుంటూ వచ్చి తొట్టి దగ్గర ఆగిపోయారు. అందులో మొక్కల మీద కప్పిన తుక్కు మిగిలి ఉంది. ఆ తుక్కులో పొద్దున్నే మూడు పువ్వులు విచ్చాయి. చిన్నవి, బంగారం రంగువి, అంచుల నిండా నూగు. ఆవిడ సంచిలోంచి భూతద్దం తీసి, నేల మీద చతికిలబడి, చాలాసేపు చూశారు.

“ఇది ఎవరు తెచ్చారు?”

“అది చెత్త మేడమ్. ప్యాకింగు” అన్నారు సారు. “ఒరేయ్, అది తీసి పారేయలేదట్రా ఇంకా?”

“చెత్తా?” ఆవిడ తలెత్తారు. “చూడ్డానికి కలువ చెల్లెలిలా ఉంటుంది గానీ, కలువకీ దీనికీ చుట్టరికం కూడా లేదు. నింఫాయిడిస్ అంటారు. వీటిలో తెల్ల పువ్వుది ప్రతి కాలవలోనూ ఉంటుంది. పసుపుది నేను ముప్పై ఏళ్లలో ఎండిన అట్టల మీదే చూశాను. ఈ జిల్లాలో ఉందని ఎవరూ రాయలేదు. నీళ్లలో బతికుండగా చూడాలి. ఎక్కడిదిది?”

బసవపున్నయ్యగారికి క్షణం పట్టింది. ఒక్క క్షణమే. “ఆఁ, అదే మేడమ్, మా డిపార్ట్‌మెంటు చాలాకాలంగా దీని మీద పని చేస్తోంది. నేనే దగ్గరుండి సేకరింపజేస్తున్నాను” అన్నారు. అని గంగన్న వైపు తిరిగి, గొంతులో తేనె పోసుకుని, “గంగన్నా, మేడమ్‌గారికి చోటు చెప్పు నాయనా” అన్నారు.

పద్నాలుగేళ్లలో నాయనా అన్న మాట ఇదే మొదలు. గంగన్నకి ఒళ్లు మండింది. చేతులు కట్టుకుని, చాలా వినయంగా, “నేను రేపట్నించి రాకూడదు కదండీ సార్. గడప తొక్కితే కాళ్లు విరగ్గొడతానన్నారు. కాళ్లు లేకుండా ఎట్టా చూపించేదండీ?” అన్నాడు.

విజయకుమారిగారు భూతద్దం సంచిలో పెట్టుకుంటూ ఇద్దరినీ మార్చి మార్చి చూశారు. ఆ చూపుకి సారు ఇబ్బంది పడ్డారు. డ్రాయరు లాగారు. పైనే ఉంది కాగితం, చింపనైతే చింపలేదు. పెన్సిలు గుర్తు మీద ఇంకుతో సంతకం పడింది. గంగన్న దాన్ని ఊది ఆరబెట్టి, నాలుగు మడతలు పెట్టి, చొక్కా జేబులో దాచుకున్నాడు.

మధ్యాహ్నం ముగ్గురూ ఆవిడ మాట్లాడుకున్న కారులో బయల్దేరారు. ముందు సీట్లో బసవపున్నయ్యగారు, వెనక విజయకుమారిగారు, పక్కన, తొట్టిలోని తుక్కు వేసిన బుట్ట ఒళ్లో పెట్టుకుని గంగన్న. గుడివాడ దాటేదాకా సారు పేపరు వాళ్లకి ఏం చెప్పాలో చెబుతూనే ఉన్నారు. ఫోటోకి నీళ్ల దగ్గర నిలబడితే బాగుంటుందా, మొక్క చేత్తో పట్టుకుంటే బాగుంటుందా అని ఆవిడ సలహా కూడా అడిగారు. నందివాడ రోడ్డెక్కాక గంగన్న, “ఎడం పక్కకి తిప్పు బాబూ” అన్నాడు డ్రైవరుతో.

“అరే, మా పొలం వైపే!” అన్నారు సారు హుషారుగా.

“అవునండి.”

“ఇక్కడ్నుంచి కుడికా?”

“అవునండి.”

“అది... అది మా పొలం దారేగా గంగన్నా?”

“అవునండి సార్. మీ పొలం బోదెలోదేనండి. ఇంకెక్కడా లేదు.”

పదిరోజుల కిందట ఆ పదెకరాలూ చేపల చెరువుకి లీజుకిచ్చిన సంగతి కారులో ఆయన ఒక్కరికే తెలుసు.

కారు ఆగింది. గంగన్న బుట్ట పట్టుకుని దిగి, అలాగే నిలబడిపోయాడు. పొలం లేదు, గట్లు లేవు, బోదె లేదు. ఆదివారం నాడు తను దిగిన చోట పొక్లెయిను పళ్ల గుర్తులు. నాలుగు పక్కలా తాటిచెట్టులో సగం ఎత్తు కట్టలు. అడుగున చీలమండ లోతు నీరు, తెల్లగా, సున్నం నీరు. కూలీలు ఇంకా బస్తాలు విప్పి చల్లుతూనే ఉన్నారు. లీజుదారు మనిషి కట్ట మీద నుంచి పరుగున వచ్చి దండం పెట్టాడు.

“రండి రండి బసవపున్నయ్యగారూ! మూడు రోజుల్లో తవ్వేశాం చూడండి. మీ బోదెలో కలుపు మాత్రం ఒట్టి మొండిదండీ బాబూ. తీగలు పీకిన కొద్దీ వచ్చాయి. మొత్తం తీసి తగలబెట్టి, పైన రెండు లోడ్లు సున్నం కొట్టించాం. ఒక్కటంటే ఒక్కటి మిగిలితే నన్నడగండి!”

మెచ్చుకుంటారేమోనని కాసేపు చూసి, ఎవరూ మెచ్చుకోకపోతే వెళ్లిపోయాడు. గంగన్నకి ఏడుపొచ్చింది. చోటు తెలిసినవాడు తనొక్కడే. అయినా ఇన్నేళ్లూ దోసిళ్లకొద్దీ పీకి తుక్కుగా వాడి పారేశాడు. పువ్వు బాగుందని ముచ్చటపడ్డాడే గానీ, ఒక్క తీగ తీసుకెళ్లి ఇంకో కాలవలో పాతలేదు. పాతి ఉంటే ఇవాళ మేడమ్‌కి చూపించేవాడు. సారుని అని ఏం లాభం, తనూ తక్కువ తినలేదు.

అప్పుడు బసవపున్నయ్యగారు ఎవరూ అనుకోని పని చేశారు. బూట్లు విప్పారు. మేజోళ్లు విప్పి బూట్లలో కుక్కారు. ప్యాంటు మోకాళ్ల దాకా మడిచి, గొడుగు గంగన్న చేతిలో పెట్టి, కట్ట దిగారు.

“సార్, సున్నమండి. కాళ్లు మండుతాయండి” అన్నాడు గంగన్న.

“నువ్వు నోర్ముయ్! ఎక్కడో ఒక ముక్కన్నా ఉండకపోదు. ఎటు పక్కరా?”

“ఎడం పక్కండి. అక్కడ కాదండి, ఇంకా ఎడమ. ఇంకొంచెం లోపలికండి.”

కట్ట మీద గొడుగేసుకుని గంగన్న, నీళ్లలో బసవపున్నయ్యగారు. ఆయన వంగి, చేతులు పెట్టి, తెల్లటి బురద దేవుతూ పోయారు. చేతికి దొరికినవి కాలిన తీగముక్కలు, మట్టి. జలగలు కూడా లేవు, సున్నం వాటినీ వదిలిపెట్టలేదు. అరగంట తిరిగి ఆయన ఒడ్డుకి వచ్చారు. రెండు పాదాలూ మండిపోయి, పారాణి పెట్టినట్టు ఎర్రగా తేలాయి.

ఈలోపు విజయకుమారిగారు కారు బానెట్టు మీద పాత పేపరు పరిచి, బుట్టలో ఎండకి కమిలి, ఇక పాతినా బతకని ఆఖరి తీగని జాగ్రత్తగా సర్దారు. మూడు పువ్వులూ అప్పటికే ముడుచుకుపోయాయి. యూనివర్సిటీలో అట్టకి అతికించే చీటీ తీసి రాయడం మొదలుపెట్టారు. సారు ఒంటికాలి మీద నిలబడి, రెండో కాలు ఊదుకుంటూ తొంగిచూశారు.

“సేకరించింది... గంగన్నగారు” అని పైకి చదువుతూ రాశారు ఆవిడ.

“నా పేరు కూడా రావాలి కదా మేడమ్” అన్నారు సారు. గొంతు బాగా తగ్గింది. “పొలం నాదే కదా.”

“ఎందుకు రాదండీ, చోటు కూడా రాయాలిగా” అని ఆవిడ కింద గీత మీద రాసి, చీటీ ఆయనకి చదువుకునేలా తిప్పారు. దొరికిన చోటు: నందివాడ దగ్గర, బసవపున్నయ్యగారి పొలం బోదె. ఇప్పుడు చేపల చెరువు. మొక్క ఇక్కడ ఇక లేదు.

ఆయన రెండుసార్లు చదువుకున్నారు. ఇన్నాళ్లకి పేరు రికార్డుల్లో ఎక్కింది, అది కూడా అచ్చుతప్పు లేకుండా. గంగన్న గొడుగు ముడిచి, జేబులో కాగితం జారకుండా ఒకసారి తడిమి చూసుకుని, సారు మోచెయ్యి పట్టుకుని కారు ఎక్కించాడు.